జింకు, ప్లాస్టిక్, అట్ట: డై-కాస్ట్ బండ్లు, యాక్షన్ ఫిగర్ల సేకరణలో పదార్థం చెప్పే సంగతులు

లివర్‌పూల్‌లోని మెకానో సంస్థ 1934 నుంచి డింకీ టాయ్స్ పేరుతో చిన్న లోహపు కార్లు అమ్మింది. వాటిలో రెండో ప్రపంచ యుద్ధానికి ముందువి చెక్కుచెదరకుండా దొరకడం కష్టం. పిల్లలు ఆడి పాడుచేసినవాటి సంగతి సరే, పెట్టెలోంచి బయటికి తీయనివి కూడా చాలావరకు లోపల్నుంచే ఉబ్బి, వంకరపోయి, ముట్టుకుంటే ముక్కలయ్యే స్థితికి వచ్చాయి. అదే సంస్థ యుద్ధం తర్వాత పోతపోసిన కార్లు రంగు ఊడినా, టైర్లు పోయినా ఇప్పటికీ గట్టిగా ఉన్నాయి. తేడా అంతా జింకులో కలిసిన రవ్వంత మలినంలో ఉంది.

సేకరణ గురించి జరిగే మాటలు ఎక్కువగా బ్రాండు చుట్టూ, అరుదు చుట్టూ తిరుగుతాయి. కానీ ఒక వస్తువు ఇరవై ఏళ్ల తర్వాత ఎలా ఉంటుంది, అది అసలుదా నకిలీదా, పాడైతే బాగవుతుందా లేదా అనే మూడు ప్రశ్నలకూ జవాబు మరోచోట ఉంది. అది దేనితో తయారైంది, ఎలా తయారైంది అన్నది చూడాలి. చేతిలో ఉన్నది జింకు పోతా, లేక రెసిన్, పీవీసీ, ఏబీఎస్ అనే ప్లాస్టిక్ రకాల్లో ఏదైనానా అని గుర్తుపట్టగలిగిన కలెక్టరు కొనేటప్పుడూ మోసపోడు, దాచేటప్పుడూ నష్టపోడు.

పోత లోహం, దాని రోగం

డై-కాస్ట్ బండ్లకు, అంటే కరిగిన లోహాన్ని ఉక్కు అచ్చులో పోసి చేసేవాటికి, వాడేది జమాక్ అనే మిశ్రమ లోహం. దీన్ని అమెరికాలో న్యూజెర్సీ జింక్ కంపెనీ 1929లో రూపొందించింది. ఎక్కువగా వాడే జమాక్-3లో సుమారు 4 శాతం అల్యూమినియం, అతి కొద్దిగా మెగ్నీషియం ఉంటాయి, మిగిలిందంతా జింకే. ఇది 380-390 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది కాబట్టి ఉక్కు అచ్చు త్వరగా పాడవదు. ఒకే అచ్చులో లక్షల సార్లు పోయవచ్చు. చవకగా, సన్నని గోడలతో, మంచి బరువుతో బొమ్మ రావడానికి కారణం ఇదే.

ఈ మిశ్రమానికి ఒక షరతు ఉంది. జింకు 99.99 శాతం శుద్ధంగా ఉండాలి, పోతలో సీసం 0.005 శాతం దాటకూడదు. సీసం, తగరం, కాడ్మియం ఎక్కువైతే అవి లోహపు రేణువుల మధ్య హద్దుల్లో చేరతాయి. గాలిలోని తేమ ఆ హద్దుల వెంట లోపలికి పాకి జింకును తినేస్తుంది. తుప్పుపట్టిన భాగం ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక బొమ్మ ఉబ్బుతుంది, ఆ ఒత్తిడికి బీటలు పడతాయి. కలెక్టర్లు దీన్ని జింక్ పెస్ట్ అంటారు. సీసపు బొమ్మల తుక్కు జింకు మూసలో కలిసిపోయే పాత కర్మాగారాల్లో ఇది మామూలుగా జరిగేది. 1950ల తర్వాత బాగా తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. నాణ్యత మీద అదుపు తప్పిన చోట కొత్త మోడళ్లలోనూ అప్పుడప్పుడూ కనబడుతుంది.

దీన్ని ముందే పసిగట్టే గుర్తులు ఉన్నాయి. ఇంతకుముందు సాఫీగా మూసుకున్న తలుపు పట్టేయడం, ఇరుసు తిరగకపోవడం, బాడీ అడుగుపళ్లెం కన్నా పొడవై రివెట్ దగ్గర వంపు రావడం, రంగు మీద వెంట్రుకలాంటి గీతలు సాలెగూడులా పరుచుకోవడం. రంగు పొక్కులు మాత్రం అన్నిసార్లూ ఈ రోగం కాదు. 1:18 మోడళ్లలో, అంటే అసలు కారులో పద్దెనిమిదో వంతు కొలతవాటిలో, రంగు వేసే ముందు లోహాన్ని సరిగా కడగకపోతే, మిగిలిన నూనె, లవణాల వల్ల పైపైనే పొక్కులు వస్తాయి. ఆ పొక్కు కింద లోహం నున్నగా ఉంటే అది రంగు లోపం. లోహంలోనే గీత కనబడితే పెస్ట్. మొదటిదాన్ని రంగు తీసి మళ్లీ వేసి సరిచేయవచ్చు. రెండోదానికి మందు లేదు, పొడిగా చల్లగా ఉంచి వేగాన్ని తగ్గించడమే చేయగలిగింది. ఇది పక్క బొమ్మకు అంటుతుందన్న భయం చాలామందిలో ఉంది. అంటదు. ఒకే పోత నుంచి వచ్చిన బొమ్మలు ఒకే కాలంలో పాడవుతాయి కాబట్టి అలా అనిపిస్తుంది.

ద్రవంగా పోసి గట్టిపరిచే ప్లాస్టిక్ అయిన రెసిన్‌తో చేసిన మోడళ్ల లెక్క వేరు. 1:43లోనూ 1:18లోనూ తలుపులు తెరుచుకోని, అంచులు పదునుగా ఉన్న మోడళ్లు చాలావరకు రెసిన్‌వే. సిలికాన్ రబ్బరు అచ్చు కొన్ని పదుల పోతలకే అరిగిపోతుంది. అయితే ఉక్కు అచ్చుకయ్యే భారీ ఖర్చు ఉండదు. అందుకే ఒకే ఒక రేసులో పాల్గొన్న కారు, కొన్ని వందల మందికే కావలసిన కారు రెసిన్‌లోనే వస్తుంది. దీనికి జింక్ పెస్ట్ రాదు, వేడి మాత్రం పడదు. ఎండ తగిలే అరలో సన్నని రెక్కలు, స్పాయిలర్లు వంగిపోతాయి.

స్కేలు అంటే కొలత, కొంతవరకు రాజీ

4.5 మీటర్ల కారు 1:64లో సుమారు 70 మి.మీ., 1:43లో 105 మి.మీ., 1:18లో 250 మి.మీ. ఉంటుంది. 1:43 అనే వింత అంకె రైలు బొమ్మల నుంచి వచ్చింది. బ్రిటన్‌లో ఓ-గేజ్ అనే కొలత బొమ్మ రైళ్లకు అడుగుకు 7 మి.మీ. లెక్క వాడేవారు, అది 1:43.5 అవుతుంది. రైలు పక్కన పెట్టుకునే కార్లుగా మొదలై తర్వాత అవే సొంత సేకరణ అయ్యాయి.

మూడు అంగుళాల కార్లలో స్కేలును ఉన్నదున్నట్టు నమ్మకూడదు. హాట్ వీల్స్, పాత మ్యాచ్‌బాక్స్ కార్లు ప్యాకెట్టులో పట్టే పొడవును బట్టి తయారయ్యాయి. చిన్న కారు పెద్దదిగా, బస్సు చిన్నదిగా వచ్చి రెండూ ఒకే పొడవులో ఉంటాయి. వాటిని కచ్చితమైన 1:64 మోడళ్ల పక్కన పెడితే వెంటనే తేడా కొడుతుంది. అలాంటి కారు చెడ్డదని కాదు. కానీ ఒకే అరలో వీధి దృశ్యం కట్టాలనుకునేవారు డబ్బా మీది అంకెను కాక, అసలు కారు పొడవును 64తో భాగించి, స్కేలుబద్దతో కొలిచి చూసుకోవడం మేలు.

చిన్న స్కేలు కార్ల తలుపు గీతలు ఎందుకు లోతుగా, మొరటుగా ఉంటాయో కూడా లెక్కే చెబుతుంది. అసలు కారు తలుపు చుట్టూ ఉండే సందు 4 మి.మీ. అనుకుంటే 1:64లో అది 0.06 మి.మీ. కావాలి. పోతలో అంత సన్నని గీత నిలవదు. నిలిచినా 0.05 మి.మీ. మందం ఉన్న రంగు పూత దాన్ని పూడ్చేస్తుంది. ఆ పూత అసలు కారు మీద 3 మి.మీ. పైచిలుకు మందానికి సమానం! అందుకే 1:64లో మంచి మోడల్ అంటే గీతలను అందంగా అతిశయం చేసినది. 1:18లో అదే సందు 0.22 మి.మీ. అవుతుంది. అక్కడ ఎగుడుదిగుడు సందులు కనిపిస్తే తప్పు పూర్తిగా తయారీదారుదే.

ఫిగర్లకూ, అంటే కీళ్లు కదిలే మనిషి బొమ్మలకూ, ఇలాంటి లెక్కే ఉంది. 1.8 మీటర్ల మనిషి 1:12లో 15 సెం.మీ., అంటే ఆరంగుళాల ఫిగరు. 1:6లో 30 సెం.మీ., అంటే పన్నెండంగుళాలది. మూడుముప్పావు అంగుళాల ఫిగర్లు ఇంచుమించు 1:18కి సరిపోతాయి. కాబట్టి పెద్ద డై-కాస్ట్ కారు పక్కన నిలబెట్టడానికి ఇవే సరైనవి. ఈ సైజును స్థిరపరిచింది 1978లో కెన్నర్ అనే బొమ్మల సంస్థ తెచ్చిన స్టార్ వార్స్ సినిమా ఫిగర్లు. అంతకుముందు, 1964లో హాస్‌బ్రో సంస్థ సైనికుడి బొమ్మ జి.ఐ. జో పన్నెండంగుళాల్లో గుడ్డ బట్టలతో వచ్చింది. బొమ్మ చిన్నదైతే విమానాలు, వాహనాలు కూడా అదే కొలతలో అమ్మవచ్చన్నది కెన్నర్ ఎత్తుగడ. అది తర్వాతి ఫిగర్ల మార్కెట్‌నే మార్చేసింది.

స్థలం గురించి ఒక మాట. మధ్య ఖాళీతో కలిపి 1:64 కారుకు 9×5 సెం.మీ., 1:18 కారుకు 30×15 సెం.మీ. చోటు కావాలి. వంద కార్లు మొదటి స్కేలులో అర చదరపు మీటరులోపు సర్దుకుంటాయి, రెండోదానిలో నాలుగున్నర చదరపు మీటర్లు తింటాయి. పైగా 1:18 లోహపు కారు ఒక్కొక్కటి కిలోకు దగ్గరగా తూగుతుంది. అద్దపు అర ఎంత బరువు మోస్తుందో చూడకుండా పది కార్లు పేర్చడం ప్రమాదం.

ఫిగర్లలో ప్లాస్టిక్ ఒక్కటే కాదు

యాక్షన్ ఫిగరును ఒకే ముక్కగా చూడటం వల్లే సగం నష్టాలు జరుగుతాయి. గట్టి ఛాతీ, కవచం తరచు ఏబీఎస్. మెత్తని జుట్టు, కేప్, బెల్టు పీవీసీ. తరచు కదిలే కీళ్లు చాలా జపనీస్ ఫిగర్లలో పీఓఎమ్ అనే నున్నని గట్టి ప్లాస్టిక్. ఈ మూడూ మూడు రకాలుగా పాడవుతాయి.

పీవీసీని మెత్తబరచడానికి కలిపే ప్లాస్టిసైజర్ ఏళ్ల తరబడి మెల్లగా పైకి ఊరుతుంది. ఫిగరు జిగటగా మారి దుమ్మంతా అంటించుకునేది అందుకే. సీలు తీయని డబ్బాలో ఉంటే ఇంకా సురక్షితమని అనుకుంటారు. నిజానికి గాలి ఆడని డబ్బాలోనే జిగట ఎక్కువగా పేరుకుంటుంది. బయటికి తీసి, గోరువెచ్చని నీటిలో రెండు చుక్కల గిన్నెలు కడిగే ద్రవం కలిపి మెత్తని బ్రష్‌తో కడిగి, నీడలో గాలికి ఆరబెడితే జిగట పోతుంది. మళ్లీ వస్తే మళ్లీ కడగాలి. ఆల్కహాల్, అసిటోన్ ముట్టించవద్దు, రంగు ఊడిపోతుంది.

ఇదే ప్లాస్టిసైజర్ డై-కాస్ట్ కార్లనూ వదలదు. మెత్తని పీవీసీ టైర్లు తాము ఆనుకున్న పాలీస్టైరీన్ చక్రాలను, థర్మకోల్ పెట్టెను, రంగు వేసిన స్టాండును కరిగించి మచ్చ వేస్తాయి. ఏళ్ల తరబడి అసలు పెట్టెలో ఉంచిన 1:18 కారు తీస్తే టైరు ఆకారంలో గుంటలు పడిన థర్మకోల్ కనిపించేది ఇందువల్లే. టైర్లకు, థర్మకోల్‌కు మధ్య పలుచని పాలిథిన్ ముక్క పెడితే ఆగుతుంది. మెత్తని పీవీసీ కవర్లలో కార్లు దాచడం కూడా ఇదే కారణంగా తప్పు. పాలిథిన్, పాలీప్రొపిలీన్, పెట్ (నీళ్ల సీసాల ప్లాస్టిక్), అక్రిలిక్ వాడాలి.

ఏబీఎస్ ఎండకు, వేడికి పసుపెక్కుతుంది. తెల్ల కవచాల ఫిగర్లలో ఇది పెద్ద తలనొప్పి. 12 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ క్రీము పూసి అతినీల కాంతిలో ఉంచితే తెలుపు తిరిగి వస్తుంది. క్రీము ఎండిపోయిన చోట చారలు పడతాయి కాబట్టి పైన పలుచని ప్లాస్టిక్ పొర చుట్టి, గంటకోసారి తిప్పాలి. రంగు వేసిన భాగాలకు ఇది పనికిరాదు. తెల్లబడినది కొన్నేళ్లకు మళ్లీ పసుపెక్కవచ్చు. ఒకటే ఫిగరు ఉన్నప్పుడు ఈ ప్రయోగం చేయకపోవడమే మంచిది.

ఏమీ చేయలేని జబ్బు మరొకటుంది. 1980ల చివర నుంచి 1990ల దాకా వచ్చిన కొన్ని ట్రాన్స్‌ఫార్మర్స్ (రోబో నుంచి వాహనంగా రూపం మారే) బొమ్మల్లో, బంగారు మెరుపు రేణువులు సుడులుగా కలిసిన ప్లాస్టిక్ కాలం గడిచేకొద్దీ పెళుసైపోతుంది. కీలు తిప్పగానే బిస్కెట్టులా విరుగుతుంది. దీన్ని గోల్డ్ ప్లాస్టిక్ సిండ్రోమ్ అంటారు. అలాంటి బొమ్మను రూపం మార్చకుండా ఒకే భంగిమలో ఉంచాలి. కొనేటప్పుడు "పూర్తిగా పనిచేస్తుంది" అనే హామీకి విలువ లేదు, ఇవాళ పనిచేసిన కీలు రేపు విరగవచ్చు.

అసలా, నకిలీయా

అడుగుభాగం చదవడం నేర్చుకోవడం ఇక్కడ మొదటి మెట్టు. హాట్ వీల్స్ కారు అడుగున ఉండే సంవత్సరం ఆ అచ్చు హక్కులు నమోదైన ఏడాది. కారు తయారైన ఏడాది అది కాదు. 1969 అని ఉన్న కారు గత వారం తయారై ఉండవచ్చు. దీన్ని అడ్డుపెట్టుకుని కొత్త కార్లను పాతవిగా అమ్మేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 2008 నుంచి అడుగున ముద్రించే చిన్న సంకేతమే తయారీ కాలాన్ని చెబుతుంది. అందులో అక్షరం ఏడాదికి, అంకెలు వారానికి గుర్తు. 1968లో పదహారు మోడళ్లతో మొదలైన ఈ శ్రేణిలో టైరు చుట్టూ ఎర్రగీత ఉన్నవి 1977 దాకా వచ్చాయి. తొలినాళ్లలో ఒకే మోడల్ అమెరికాలోనూ హాంకాంగ్‌లోనూ తయారైంది. అడుగుభాగాలు వేరు, చిన్న చిన్న భాగాలు కూడా వేరు.

హాట్ వీల్స్ మామూలు కార్ల మధ్య అరుదుగా కలిపి పంపే సూపర్ ట్రెజర్ హంట్ కార్లకు మెరిసే పారదర్శక స్పెక్ట్రాఫ్లేమ్ రంగు, రబ్బరు టైర్లు, ఎక్కడో ఒకచోట టీహెచ్ అక్షరాలు ఉంటాయి. ఇటీవలి ఏళ్లలో అట్ట మీద కారు వెనుక బంగారు రంగులో వలయం, మంట గుర్తు కనబడతాయి. మామూలు ట్రెజర్ హంట్‌కు అదే గుర్తు వెండి రంగులో ఉంటుంది. మామూలు కారుకు రబ్బరు టైర్లు తొడిగి సూపర్‌గా అమ్మడం బాగా వాడుకలో ఉన్న మోసం. అట్ట లేకుండా అమ్మకానికి వస్తే అడుగు రివెట్లు చూడాలి. కర్మాగారంలో రివెట్ తల ఒత్తిడితో గుండ్రంగా పరుచుకుని ఉంటుంది. తొలిచి మళ్లీ బిగించినదానిలో చిల్లు, జిగురు మెరుపు, స్క్రూ, కొత్త రంగు చుక్క ఏదో ఒకటి దొరుకుతుంది. ఇలా తయారీదారు అనుమతి లేకుండా మార్చిన బండ్లను కోడ్-3 అంటారు. అలా చెప్పి అమ్మితే అది గౌరవమైన కళ. దాచిపెట్టి అమ్మితే మోసం.

మ్యాచ్‌బాక్స్‌లో 1969 నుంచి వచ్చిన సూపర్‌ఫాస్ట్ చక్రాల మార్పు చూడదగ్గది. అదే బాడీకి పాత సన్న చక్రాలు, కొత్త వేగపు చక్రాలు, మధ్యలో కొద్దికాలమే నడిచిన రంగులు ఉన్నాయి. ఆ మధ్యకాలపు కలయికలే వెతకవలసినవి. వాటినే కృత్రిమంగా సృష్టిస్తారు కూడా, కాబట్టి చక్రాలతోపాటు ఇరుసు కొసల ముగింపు కూడా గమనించాలి.

చిన్న విడిభాగాల దగ్గర నకిలీలు ఎక్కువ. బ్రిటన్ బ్రాండు కార్గీ 1965లో తెచ్చిన జేమ్స్ బాండ్ ఆస్టన్ మార్టిన్, 261 నంబరు కారు, పైకప్పు గుండా ఒక చిన్న మనిషిని ఎగరేసేది. అతను పోతాడని కంపెనీకీ తెలుసు. పెట్టెలోనే రహస్య సూచనల కవరుతోపాటు అదనపు మనిషిని ఇచ్చింది. ఈ రోజు ఆ కారు దొరికినంత తేలికగా ఆ కవరు దొరకదు. తిరిగి ముద్రించిన పెట్టెలు, కవర్లు విరివిగా ఉన్నాయి. అతినీల దీపం కింద పెడితే ఆధునిక కాగితం నీలితెలుపుగా మెరుస్తుంది, అందులో కలిపే మెరుపుకారకాల వల్ల. యుద్ధానికి ముందు నాటి పెట్టె అలా మెరవకూడదు. 1960ల తర్వాతి కాగితానికి ఈ పరీక్ష అంతగా పనికిరాదు, అసలు కాగితంలోనూ మెరుపుకారకాలు ఉండవచ్చు. అప్పుడు అచ్చు చుక్కలను భూతద్దంలో చూడాలి. స్కాన్ చేసి ముద్రించినదానిలో సన్న అక్షరాల అంచులు చుక్కలుగా చెదిరి ఉంటాయి.

1978 నాటి స్టార్ వార్స్ పాత్ర జావా ఫిగరుకు మొదట వినైల్ అంగీ ఇచ్చి, త్వరలోనే గుడ్డ అంగీకి మార్చారు. మొదటిది అరుదు కాబట్టి అంగీల నకిలీలు దశాబ్దాలుగా తిరుగుతున్నాయి. స్టార్ వార్స్ తుపాకులను నీటిలో వేసి తేలితే అసలు, మునిగితే నకిలీ అని చెప్పే పద్ధతిని నమ్మకూడదు. అసలువాటిలోనే కొన్ని మునుగుతాయి. అచ్చు గీత ఎక్కడ ఉంది, పిడి చివర ఎంత పదునుగా ఉంది, రంగు ఏ ఛాయ అన్నవి నిర్ధారించిన నమూనాతో పోల్చడమే దారి.

కొత్త ఫిగర్ల బూట్‌లెగ్‌లు, అంటే అనుమతి లేని నకళ్లు, పట్టుకోవడం అంత కష్టం కాదు. ముఖంలో కళ్ల ముద్ర అసలుదానిలో సూక్ష్మమైన చుక్కలతో పదునుగా ఉంటుంది, నకిలీలో కుంచె పూసినట్టు ముద్దగా ఉంటుంది. చర్మం రంగు నూనె రాసినట్టు మెరుస్తుంది, డబ్బా తెరిస్తే ఘాటు వాసన వస్తుంది, కీళ్లలో ఒకటి బిగుసుకుంటే మరొకటి వేలాడుతుంది.

నిల్వ

18-24 డిగ్రీల ఉష్ణోగ్రత, 40-50 శాతం తేమ అన్ని పదార్థాలకూ ఒప్పుతుంది. సిలికా జెల్ సంచులు మంచివే కానీ తేమ 35 శాతం కిందికి పడిపోతే అట్టలు వంపు తిరుగుతాయి. చవకైన తేమకొలత పరికరం ఒకటి బీరువాలో పెట్టాలి. ఎండ అసలు పడకూడదు. హాలోజెన్ దీపాలు వేడెక్కిస్తాయి, అద్దాల బీరువాలో ఎల్ఈడీ పట్టీలే సరి. వాటి అడాప్టర్ మాత్రం బీరువా బయట ఉండాలి.

చాలామంది పట్టించుకోనిది బీరువా చెక్క. కొత్త ఎండీఎఫ్ (చెక్క పొడిని జిగురుతో ఒత్తిన పలక), ఓక్ చెక్క ఆమ్ల ఆవిర్లు వదులుతాయి. మూసిన అరలో అవి రంగు లేని జింకు మీద తెల్లని పొడి పుట్టిస్తాయి. సీసపు బొమ్మలకు ఇంకా ప్రమాదం. కొత్త బీరువాను కొన్ని వారాలు తలుపులు తెరిచి ఉంచాలి, కోసిన అంచులకు పూత వేయాలి. లోహం, గాజు బీరువా అయితే ఈ బాధే లేదు.

అట్టతో ఉన్నవి నిలువుగా, ఒకదానిమీద ఒకటి బరువు పడకుండా ఉండాలి. బొమ్మను కప్పే పారదర్శక ప్లాస్టిక్ బుడగను అట్టకు పట్టి ఉంచే జిగురు ఎండితే ఒక మూల లేస్తుంది. దాన్ని మళ్లీ అంటించారా అన్నది గ్రేడింగులో, అంటే స్థితికి మార్కులు వేసేటప్పుడు, మొదట చూసే విషయం. అమెరికాలోని ఏఎఫ్ఏ లాంటి సంస్థలు అట్టకు, బుడగకు, ఫిగరుకు విడివిడిగా మార్కులు వేసి మొత్తం గ్రేడు ఇచ్చి అక్రిలిక్ పెట్టెలో బిగిస్తాయి. గ్రేడు ఆ రోజు స్థితికి సాక్ష్యం. లోపల ప్లాస్టిక్ మారిపోకుండా అది ఆపలేదు.

విడి ఫిగర్లను నిటారుగా, బరువు రెండు కాళ్ల మీదా సమానంగా పడేలా నిలపాలి. వేసవిలో పీవీసీ చీలమండ మెల్లగా వంగి ఒకటి పడితే వరుసంతా కూలుతుంది. నడుముకు ఆధారమిచ్చే స్టాండు దీనికి పరిష్కారం. దుమ్ముకు మెత్తని మేకప్ బ్రష్, రబ్బరు గాలి బుడ్డి చాలు.

మరమ్మతు

బిగుసుకున్న కీలును బలంతో తిప్పకూడదు. 70-80 డిగ్రీల నీటిలో నిమిషం, రెండు నిమిషాలు ముంచి, తీసి, మెల్లగా అటూఇటూ కదపాలి. ఫిగరు చేతిలోని వంగిన కత్తిని అదే నీటిలో మెత్తబరిచి, తిన్నగా పట్టుకుని వెంటనే మంచునీటిలో ముంచితే నిలుస్తుంది. కందెన కావాలంటే సిలికాన్ నూనె మాత్రమే. పెట్రోలియం నూనెలు ఏబీఎస్‌కు సన్నని పగుళ్లు తెస్తాయి. వదులైన బంతి కీలును విప్పి, బంతికి పారదర్శక అక్రిలిక్ ఫ్లోర్ పాలిష్ ఒక పూత రాసి, పూర్తిగా ఆరాక అమర్చాలి. చాలకపోతే మరో పూత. సూపర్ గ్లూ కూడా వాడతారు, కానీ ఆరకముందే అమరిస్తే కీలు శాశ్వతంగా అతుక్కుంటుంది, దాని ఆవిరి పారదర్శక భాగాలను తెల్లబరుస్తుంది. విరిగిన పీఓఎమ్ కీలుకు ఏ జిగురూ పట్టదు. రెండు వైపులా రంధ్రం చేసి 1 మి.మీ. ఉక్కు తీగ దూర్చడమే మార్గం.

1982లో మొదలైన చిన్న జి.ఐ. జో ఫిగర్లలో నడుము, కాళ్లను ఒక రబ్బరు ఓ-రింగు పట్టి ఉంచుతుంది. ఏళ్లకు అది ఎండి తెగుతుంది. వీపు స్క్రూ తీసి, ఛాతీ రెండు సగాలు విడదీసి, కొత్త రింగు కాళ్ల కొక్కేనికి తగిలించి మూయాలి. రింగు మరీ బిగువైతే తుంటి భాగం విరుగుతుంది. స్క్రూ ఆఖరి పావు తిప్పు వదిలేయడం మంచిది. బొటనవేళ్లు ఈ శ్రేణిలో తేలిగ్గా విరుగుతాయి కనుక ఆయుధం తీసేటప్పుడు వేలును కాక ఆయుధాన్ని మెలిపెట్టాలి.

చిన్న డై-కాస్ట్ కారు విప్పడానికి రివెట్ తల నడిమధ్యన సెంటర్ పంచ్‌తో గుంట చేయాలి. 1.6 మి.మీ. బిట్‌తో 5-6 మి.మీ. లోతుగా నిలువుగా తొలవాలి. ఆ తర్వాత 3 మి.మీ. బిట్‌తో తలను మాత్రమే తీసేయాలి. ముందు పెద్ద బిట్ వాడితే అది పక్కకు జారి స్తంభాన్నే తినేస్తుంది. రంధ్రంలో ఎం2 (2 మి.మీ. మరల) ట్యాప్‌తో, చుక్క నూనె వేసి, అర చుట్టు ముందుకు పావు చుట్టు వెనక్కి తిప్పుతూ మరలు చేస్తే ఎం2 స్క్రూతో ఎన్నిసార్లయినా మూయవచ్చు. రంగు తీయడానికి జెల్ రకం పెయింట్ రిమూవర్ 10-15 నిమిషాలు ఉంచి నైలాన్ బ్రష్‌తో రుద్దాలి, చేతులకు తొడుగులు ఉండాలి, కిటికీలు తెరిచి ఉండాలి. కాస్టిక్ సోడా రంగుతోపాటు జింకునూ తింటుంది, సిర్కా కూడా అంతే. కడిగి, ఆరబెట్టి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, లోహపు ప్రైమర్ వేసి, 20 సెం.మీ. దూరం నుంచి పలుచగా రెండు మూడు పూతలు వేయాలి. మందంగా వేసిన ఒక్క పూత గీతలన్నీ పూడ్చేస్తుంది.

అయితే ఈ పని ఏ బొమ్మకు చేయవచ్చు? బాగా అరిగిన, విరివిగా దొరికే కారుకు చేయవచ్చు. అసలు రంగు సగమైనా మిగిలిన పాత డింకీనో, ఎర్రగీత హాట్ వీల్స్‌నో తిరిగి రంగు వేయడం దాని చరిత్రను చెరిపేయడమే. తర్వాత ఎంత డబ్బు పెట్టినా ఆ రంగు వెనక్కి రాదు. పాత టైర్ల స్థానంలో కొత్తవి వేయడం మాత్రం తప్పు కాదు, పాతవి చిన్న సంచిలో భద్రపరిస్తే చాలు.

అరుదు ఎక్కడ పుడుతుంది

పాత బొమ్మలు అరుదైనవి కావడానికి తక్కువగా తయారవడం కన్నా, పిల్లలు వాటితో ఆడి పారేయడం పెద్ద కారణం. మ్యాచ్‌బాక్స్ కార్లు చేసిన లెస్నీ సంస్థ 1953లో తెచ్చిన బ్రిటన్ రాణి పట్టాభిషేక రథపు చిన్న బొమ్మ పది లక్షలకు పైగా అమ్ముడైంది. గుర్రాలు, కాడి విరగకుండా ఉన్నవి మాత్రం ఆ లెక్కకు చాలా దూరం. 1995లో కెన్నర్ తిరిగి తెచ్చిన స్టార్ వార్స్ ఫిగర్ల కథ దీనికి పూర్తిగా తలకిందులు. పాతవాటి విలువ చూసిన పెద్దలు వాటిని అట్టతో సహా దాచిపెట్టారు. అందరూ దాచారు కాబట్టి ఇప్పటికీ కొల్లలుగా ఉన్నాయి. డబ్బా మీద "పరిమిత సంచిక" అని ఉండటం అరుదుకు రుజువు కాదు. ఎన్ని తయారయ్యాయి, ఎన్ని పాడవకుండా మిగిలాయి, ఎంతమందికి కావాలి అనే మూడూ కలిస్తేనే అరుదు.

దుకాణానికి వెళ్లే హాట్ వీల్స్ కేసులో (టోకు పెట్టెలో) 72 కార్లు ఉంటాయి, కేసు మీది అక్షరం ఏ విడతదో చెబుతుంది. ఒకే మోడల్ తర్వాతి విడతల్లో మళ్లీ రావడం మామూలే, కాబట్టి మొదటి వారం వేడిలో కొనడం తొందరపాటు. ఆరంగుళాల ఫిగర్ల కొన్ని శ్రేణుల్లో ఒక్కో డబ్బాలో ఒక పెద్ద ఫిగరు తాలూకు ముక్క ఉంటుంది, విడతలోని అన్నిటినీ కొంటేనే ఆ ఫిగరు పూర్తవుతుంది. ఆ ముక్కలను విడిగా అమ్మేవారు చాలామంది. అన్ని ఫిగర్లూ అక్కర్లేనివారు ముక్కలే కొనుక్కోవడం తెలివైన పని.

పట్టిక ఎలా రాయాలన్నది చిన్న విషయంలా కనబడుతుంది కానీ పది నిమిషాల పని పదేళ్లు కాపాడుతుంది. మోడల్ పేరు, సంఖ్య, అడుగు సంకేతం, తయారైన దేశం, చక్రం రకం, రంగు, ఫిగరు అయితే విడిభాగాల పూర్తి జాబితా, ఏ తేదీన ఏ స్థితిలో ఉంది, ఏ మరమ్మతు జరిగింది అన్నవి రాయాలి. అడుగుభాగం ఫొటో తప్పనిసరి. చిన్న తుపాకులు, చేతులు సంచుల్లో వేసి ఫిగరు పేరు రాయాలి. రెండు శ్రేణుల నల్ల పిస్తోళ్లు కలిసిపోతే విడదీయడానికి వారాలు పడుతుంది.

పంపేటప్పుడు మోడల్‌కు ముందు ఆమ్లం లేని పలుచని కాగితం చుట్టి, దాని మీద బబుల్ షీట్‌ను బుడగలు బయటికి ఉండేలా చుట్టాలి. బుడగలు నేరుగా రంగుకు ఆనితే వేడికి గుండ్రని మచ్చలు పడతాయి. తలుపులు, బానెట్ తెరుచుకోకుండా మెత్తని కాగితపు పట్టీ కట్టాలి, టేపు రంగును తాకకూడదు. 1:18 కారును అడుగుపళ్లానికి స్క్రూతో బిగించి పంపితేనే చక్రాల మీద బరువు పడదు. పక్క అద్దాల చుట్టూ మాత్రం ఏదీ కుక్కకూడదు, వాటికి ఖాళీ చోటే రక్షణ. బయటి పెట్టెకూ లోపలి పెట్టెకూ మధ్య అన్ని వైపులా 5 సెం.మీ. మెత్తని పొర ఉండాలి. ఊపి చూసినప్పుడు లోపల చప్పుడు వినిపిస్తే విప్పి మళ్లీ కట్టాలి.